హాకీ కోచ్‌కి ఇంజను రివర్సల్

2025 నవంబరు చివరి నుంచి డిసెంబరు మొదటి వారం దాకా విశాఖ శివారు దువ్వాడలో స్టేషన్ రోడ్డంతా కలిసి ఒకే ఒక్క ఉద్యోగి పనితీరును సమీక్షించింది. ఆ ఉద్యోగిది స్టీల్‌ప్లాంటు కాదు, రైల్వే కాదు, సెజ్‌లో నైట్ షిఫ్టు అంతకన్నా కాదు. ఆయన క్రికెట్ కోచ్ గౌతమ్ గంభీర్. నవంబరు 26న గువాహటిలో దక్షిణాఫ్రికా చేతిలో మన జట్టు 408 పరుగుల తేడాతో ఓడి, టెస్టు సిరీస్‌ను 0-2తో సమర్పించుకుంది. అక్కడి గ్యాలరీ కోచ్ పేరెత్తి నినాదాలు చేసింది. ఆ సాయంత్రమే దువ్వాడ ఆయన్ను ఉద్యోగంలోంచి పీకేసింది. డిసెంబరు 6న మూడో వన్డే విశాఖలోనే జరిగింది. జైస్వాల్ సెంచరీ కొట్టాడు, రోహిత్, కోహ్లి చెరో అర్ధ సెంచరీ బాదారు, తొమ్మిది వికెట్ల తేడాతో గెలిచాం. మధురవాడ నుంచి జనం గాజువాక చేరేలోపే కోచ్‌గారిని తిరిగి విధుల్లోకి తీసుకున్నారు. సస్పెన్షన్ కాలానికి జీతం ఇవ్వాలా వద్దా అన్నదొక్కటే తేలలేదు.

ఈ రెండు తేదీలకు సరిగ్గా నడుమ, డిసెంబరు 1న, భారత మహిళల హాకీ జట్టు చీఫ్ కోచ్ హరేంద్ర సింగ్ వ్యక్తిగత కారణాలు చెప్పి రాజీనామా చేశారు. ఆ ఏడాది ఆయన జట్టు ప్రో లీగ్‌లో అట్టడుగున నిలిచి కింది మెట్టుకు జారింది. ఆసియా కప్ ఫైనల్లో చైనా చేతిలో 1-4తో ఓడి, ప్రపంచ కప్‌కు నేరుగా వెళ్లే అవకాశం పోగొట్టుకుంది. క్రికెట్‌లో ఇందులో సగం జరిగినా టీవీ చానళ్లకు నెల రోజుల గ్రాసం. దువ్వాడలో మాత్రం ఎవరి చేతిలోని టీ గ్లాసూ ఆగలేదు.

ఒకటీ రెండూ ఆగే ఉంటాయి. దువ్వాడలో హాకీ అభిమానులు లేకపోలేదు. వాళ్లను పోల్చుకోవడమే కష్టం. క్రికెట్ అభిమాని నీలం జెర్సీ వేసుకుని ఉంటాడు. హాకీ అభిమాని రిటైరై ఉంటాడు. ప్లాంటు కట్టే రోజుల్లో పని నేర్చుకోవడానికి రూర్కెలా వెళ్లొచ్చిన ఫోర్‌మన్ గారు ఒకరు. ఖరగ్‌పూర్‌లో సర్వీసు మొదలుపెట్టి దువ్వాడలో ఇల్లు కట్టుకున్న టీసీ గారు ఇంకొకరు. వీళ్లిద్దరికీ తోడు సుందర్‌గఢ్ జిల్లా నుంచి కాంట్రాక్టు పనికొచ్చి కూర్మన్నపాలెంలో గది అద్దెకు తీసుకున్న వెల్డరు కుర్రాడు. ఈ ముగ్గురూ ఒక బల్ల మీద కూర్చుంటే అదే ఉత్తరాంధ్ర హాకీ మహాసభ. కోరం కూడా ముగ్గురే.

జనవరి 2న ఆ మహాసభకు పని పడింది. మహిళల జట్టుకు నెదర్లాండ్స్‌కు చెందిన షోర్డ్ మరీనేను కోచ్‌గా నియమించినట్టు హాకీ ఇండియా ప్రకటించింది.

"ఏటి మాస్టారూ, ఆడపిల్లల టీముకి కొత్త కోచ్ వచ్చీసినాడట?" టీ కొట్టాయన అడిగాడు.

"కొత్తోడు కాదురా, పాతోడే. 2017లో ఒకపాలి వచ్చినాడు."

"మరప్పుడు ఎందుకు తీసీసినారు?"

"తియ్యలేదు, మార్చినారు. ఆడపిల్లల టీము నుంచి మగాళ్ల టీముకి."

"ఎందుకు మార్చినారు?"

ఫోర్‌మన్ గారు గ్లాసు కింద పెట్టి, ఇంకో టీ చెప్పారు. ఆ ప్రశ్నకు ఒక టీతో జవాబు రాదు.

2017 సెప్టెంబరు 2న పురుషుల జట్టు కోచ్ రోలాంట్ ఓల్ట్‌మన్స్‌ను హాకీ ఇండియా తొలగించింది. ఖాళీ అయిన పోస్టుకు దరఖాస్తులు పిలిచింది. ఆఖరు తేదీ సెప్టెంబరు 15. నోటిఫికేషన్ పడ్డాక ఫలితం కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూసే నిరుద్యోగులున్న దేశంలో, ఈ ఒక్క కొలువు విషయంలో పని మెరుపులా సాగింది. గడువుకు వారం ముందే, సెప్టెంబరు 8న, అప్పటి కేంద్ర క్రీడల మంత్రి రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ ట్విటర్‌లో ఫలితం ప్రకటించేశారు. అప్లికేషన్ నింపుతున్నవాళ్లు పెన్ను మూత పెట్టేసుకోవచ్చన్నమాట. మహిళల జట్టు పగ్గాలు పట్టి ఏడాదైనా తిరగని మరీనేను పురుషుల జట్టుకు పంపారు. ఒక దేశపు సీనియర్ పురుషుల జట్టును ఆయన అంతకుముందు నడిపింది లేదు. 2016లో లక్నోలో కుర్రాళ్లకు జూనియర్ ప్రపంచ కప్ గెలిపించి, ఈ పోస్టు ఇక తనదేనని అందరూ అనుకుంటున్న హరేంద్ర సింగ్‌కు మహిళల జట్టు అప్పగించారు. దానికి 'హై పెర్ఫార్మెన్స్ స్పెషలిస్ట్ కోచ్' అని హోదా. హోదా పొడుగు పెరిగిందంటే అడిగిన సీటు రాలేదని అర్థం. ఈ సంగతి ప్లాంటు అడ్మిన్ బిల్డింగ్‌లో అటెండరును అడిగినా చెబుతాడు.

ట్వీట్‌తో ఏమేం జరగొచ్చో దువ్వాడకు ఒకరు చెప్పనక్కర్లేదు. విశాఖ ఉక్కులో నూటికి నూరు శాతం వాటా అమ్మేయాలని కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించింది 2021 జనవరి 27న. ఆ కబురు కార్మికుల చెవిన పడింది ఫిబ్రవరి మొదటి వారంలో, ఢిల్లీ అధికారి ఒకరి ట్వీట్ పుణ్యమా అని. 32 మంది ప్రాణత్యాగంతో వచ్చిందని చెప్పుకునే ఫ్యాక్టరీ గతే అలా తెలిసినప్పుడు హాకీ కోచ్‌ ఏపాటి?

కథ అక్కడితో ఆగితే మంత్రిగారి తొందరపాటు అని సరిపెట్టుకోవచ్చు. అసలు సరదా ఆ తర్వాత మొదలైంది. అక్టోబరులో ఢాకాలో మరీనే పురుషుల జట్టు ఆసియా కప్ గెలిచింది. నవంబరులో జపాన్‌లో హరేంద్ర మహిళల జట్టు కూడా ఆసియా కప్ గెలిచింది. అప్పటిదాకా గొణిగిన అభిమానులు ఆ ట్వీట్‌లో ఏదో దూరదృష్టి ఉండే ఉంటుందని సర్దుకున్నారు. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలొచ్చాయి. పురుషులది నాలుగో స్థానం. మహిళలదీ నాలుగో స్థానమే. రెండు జట్లూ సమానంగా ఓడాయి కాబట్టి శిక్ష కూడా సమానంగా ఉండాలనుకున్నారు కాబోలు, మే 1న ఇద్దరు కోచ్‌లనూ అటువాణ్ని ఇటు, ఇటువాణ్ని అటు మార్చేశారు. మేడే నాడు కార్మికులకు దక్కిన కానుక.

దువ్వాడ వాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. విజయవాడ నుంచి హౌరా పోయే బండి విశాఖపట్నం స్టేషన్లోకి వెళ్లిందంటే ముందుకు దారి లేదు. ఇంజను విప్పి, వెనకవైపు తగిలించి, వచ్చిన దారినే కొంత వెనక్కి లాక్కెళ్లాలి. ఆ తతంగం వద్దనుకున్న బళ్లు ఊళ్లోకి పోకుండా దువ్వాడలో ఆగి బైపాస్ మీదుగా చక్కా పోతాయి. అర్ధరాత్రి సూట్‌కేసులతో దిగినవాళ్లు ఆటో డ్రైవర్ల దయాదాక్షిణ్యాల మీద సిటీకి చేరతారు. రివర్సల్‌లో పెట్టెలు మారవు, ప్రయాణికులు మారరు, బండి ఉన్న ప్లాట్‌ఫారమే ఉంటుంది. మొహం తిరిగిన దిక్కొక్కటే మారుతుంది. కిటికీ పక్కన నిద్రపోయినవాడు లేచి చూసి, బండి వెనక్కి పోతోందేమిటని కంగారుపడతాడు. 2018 మేలో హాకీ అభిమాని పరిస్థితి అదే. రైల్వేవాళ్లయినా ఒక స్టేషన్లో ఒక్కసారే ఇంజను మారుస్తారు.

పురుషుల జట్టుతో హరేంద్ర జకార్తా ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చారు. భువనేశ్వర్ ప్రపంచ కప్ క్వార్టర్‌ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 1-2తో ఓడారు. 2019 జనవరిలో ఆయన పదవి పోయింది. మహిళల దగ్గరికి తిరిగొచ్చిన మరీనే ఆసియా క్రీడల్లో రజతం, ఆ తర్వాత టోక్యోలో చరిత్ర సృష్టించారు. 2021 ఆగస్టు 2న క్వార్టర్‌ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించిన రోజున, కూర్మన్నపాలెంలో ప్లాంటు కార్మికుల రిలే దీక్షలు ఆరో నెలలో ఉన్నాయి. మహిళల హాకీ జట్టు ఒలింపిక్ సెమీస్ చేరడం అదే తొలిసారి. సినిమా కోచ్ షారుఖ్ ఖాన్ ట్విటర్‌లో స్వర్ణం తెమ్మని అడిగితే, అసలు కోచ్‌ను నేనేనని మరీనే సరదాగా బదులిచ్చారు. ఆఖరికి నాలుగో స్థానం. గోల్డ్‌కోస్ట్‌లో నాలుగుకు బదిలీ, టోక్యోలో నాలుగుకు పూలదండ. అంకె అదే, అందులో అన్యాయమేమీ లేదు. ఒలింపిక్స్‌లో నాలుగు నిజంగా బరువైనది. పోటీలు ముగియగానే మరీనే ఇంటికెళ్లిపోతానని చెప్పి, చెప్పినట్టే వెళ్లిపోయారు.

ఆయన వెళ్లాక యానెకె షోప్‌మన్ వచ్చారు. 2024 జనవరిలో రాంచీలో పారిస్ బెర్తు చేజారింది. ఇక్కడ ఆడవాళ్లకు మర్యాద దక్కడం లేదని ఆమె మీడియాతో బాహాటంగా చెప్పి, ఫిబ్రవరిలో తప్పుకున్నారు. ఏప్రిల్‌లో ఎవరొచ్చారు? హరేంద్ర సింగ్. ఆయన తర్వాత ఎవరొచ్చారు? మరీనే. నూట నలభై కోట్ల జనాభా, ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు, చేతిలో రెండే రెండు బయోడేటాలు.

మహాసభలో చర్చ ఇక్కడ రెండుగా చీలింది. టీసీ గారిది స్వదేశీ పక్షం. "మనోడైతే మన భాషలో తిడతాడండీ, పిల్లలకి అర్థమవుతాది" అన్నది ఆయన ప్రధాన వాదన. ఫోర్‌మన్ గారిది విదేశీ పక్షం. "తిట్టడానికి మనోళ్లు ఎలాగూ ఉన్నారు కదండీ, ఆట నేర్పడానికి ఒకడుండాలి కదా" అన్నారు. ఇద్దరి దగ్గరా సాక్ష్యాలకు కొదవ లేదు. 2008లో స్వదేశీ కోచ్ జోక్విమ్ కార్వాలో హయాంలో, 1928 తర్వాత తొలిసారి, భారత్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేకపోయింది. విదేశీల ఖాతా మరీ వింత. 2004లో జర్మన్ కోచ్ గెర్హార్డ్ రాచ్‌ను ఏథెన్స్ ఒలింపిక్స్ గుమ్మంలో తెచ్చి కూర్చోబెట్టారు. పెళ్లికొడుకును పీటల మీద మార్చినట్టు అనబోయి టీసీ గారు ఆగిపోయారు. 2014లో ఇంచియాన్‌లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిపించిన టెర్రీ వాల్ష్ రెండు నెలలు తిరక్కుండానే వెళ్లిపోయారు.

కోచ్ పాల్ వాన్ ఆస్ ఉదంతం మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. 2015 జూలై, బెల్జియంలోని ఆంట్‌వెర్ప్. అక్కడి టోర్నీ క్వార్టర్‌ఫైనల్లో మలేసియాను మన జట్టు 3-2తో ఓడించింది. అవును, గెలిచింది. ఆట అవగానే హాకీ ఇండియా అధ్యక్షుడు నరీందర్ బాత్రా మైదానంలోకే వచ్చి ఆటగాళ్లకు క్లాసు పీకారని, ఇది మీ పని కాదు, వెళ్లమన్నానని కోచ్ చెప్పారు. ఆ నెల గడవకముందే వెళ్లింది కోచ్. పగ్గాలు పట్టింది ఆ జనవరిలోనే. వెల్డరు కుర్రాడు ఈ కథ విని, "సూపర్‌వైజర్ సైట్‌కి వచ్చి మా మేస్త్రీని తిడితే మేస్త్రీ కూడా అలాగే అన్నాడు సార్. పక్క రోజు కొత్త మేస్త్రీ" అన్నాడు. చర్చలో ఆ పూట అంతకు మించిన విశ్లేషణ రాలేదు.

స్వదేశీ, విదేశీ కాక మూడో పక్షం ఒకటుంది, అన్నిటికన్నా పెద్దది: 'చక్ దే ఇండియా' పక్షం. 2007లో వచ్చిన ఆ సినిమా తర్వాత హాకీ కోచ్ అంటే ఎలా ఉండాలో దేశానికి పక్కాగా తెలిసిపోయింది. ముందు జనం ద్రోహి అనాలి, గడ్డం ఉండాలి, ఆఖరి మ్యాచ్‌కు ముందు గదిలో ఉపన్యాసం ఇవ్వాలి. అందులో ఆంధ్ర అమ్మాయి నేత్రా రెడ్డి వచ్చినప్పుడు, తమిళానికీ తెలుగుకూ తేడా ఏమిటని ఆఫీసులో అడుగుతారు. ఆ సీను వచ్చినప్పుడల్లా మనవాళ్లు ఈలలు వేస్తారు. ఈల వేసినవాళ్లను ఆపి, టోక్యో వెళ్లిన జట్టులో తెలుగమ్మాయి ఎవరని అడిగితే మాత్రం ఆకాశం వైపు చూస్తారు. చిత్తూరు జిల్లా యనమలవారిపల్లెలో పుట్టిన గోల్‌కీపర్ ఎటిమరపు రజని. టోక్యోకు రిజర్వ్‌గా వెళ్లింది. పురుషుల్లో హైదరాబాద్ ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడి, పద్మశ్రీ అందుకున్నారు. కోచ్ పేరు తప్పు పలికితే కొట్లాటకు దిగే అభిమాని ఈ ఇద్దరి పేర్లూ ఎప్పుడైనా పలికాడా అన్నది వేరే ప్రశ్న.

కోచ్‌నే ఎందుకు మారుస్తారు? మార్చడానికి తేలిక కాబట్టి. ట్వీట్ చేస్తే కోచ్ మారతాడు, టర్ఫ్ పడదు. 1976 మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ గడ్డి మీంచి కృత్రిమ టర్ఫ్ మీదికి మారింది. అంతకుముందు ప్రతి ఒలింపిక్స్ నుంచీ పతకంతో తిరిగొచ్చిన భారత్ ఆ ఏడాది ఏడో స్థానంలో నిలిచింది. 1980లో మాస్కో స్వర్ణం తర్వాత మళ్లీ పతకం చూడటానికి 41 ఏళ్లు పట్టింది. ఆ 41 ఏళ్లలో మారిన కోచ్‌ల సంఖ్యను, పడిన టర్ఫుల సంఖ్యను పక్కపక్కన పెట్టి చూసే ధైర్యం ఏ సమీక్షా సంఘానికీ కలిగినట్టు లేదు.

వెల్డరు కుర్రాడి ఊళ్లో సంగతి వేరు. సుందర్‌గఢ్ పల్లెల్లో హాకీ టోర్నీ గెలిచిన జట్టుకు మేకపోతు బహుమానం. వాటిని ఖస్సీ పోటీలంటారు. వెదురు కర్రలతో మొదలెట్టి, మేకపోతు కోసం ఆడి, రూర్కెలాలోని పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్లో చేరి, అక్కడి నుంచి ఇండియా జెర్సీ దాకా వెళ్లినవాళ్లున్నారు. ఇప్పుడు హాకీ ఇండియా అధ్యక్షుడైన దిలీప్ తిర్కీ ఆ జిల్లావాడే. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వం జాతీయ జట్లకు స్పాన్సరు. 2023 ప్రపంచ కప్ కోసం రూర్కెలాలో బిర్సా ముండా స్టేడియం కట్టేశారు. కుర్రాడు ఇదంతా చెబుతుంటే ఫోర్‌మన్ గారు గర్వంగా తలూపారు, ఆయనకు రూర్కెలా అత్తారిల్లంత దగ్గర. టీ కొట్టాయన మాత్రం గుచ్చి అడిగాడు: "ఆళ్లదీ ఉక్కు ఊరే, మనదీ ఉక్కు ఊరే. మరి మనకేటి?"

మనకు ఏమీ లేదనడం అన్యాయం. 2023 ఫిబ్రవరిలో సీనియర్ మహిళల జాతీయ హాకీ పోటీలు కాకినాడలోనే జరిగాయి. దువ్వాడలో రైలెక్కి సామర్లకోటలో దిగితే పక్కనే. హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ అని మన పేరుతో జట్టుంది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ చేతిలో 3-4తో ఓడింది. ఆ ఫైనల్ జరిగింది హైదరాబాద్‌లో కాదు, రూర్కెలాలో. పేరు మనది, గడ్డ వాళ్లది, గోల్స్ ఎక్కువగా విదేశీయులవి. బిర్యానీ మాత్రం ఎవరిదో తెలియదు.

మళ్లీ మరీనే దగ్గరికి వద్దాం. ఆయన ఇండియాలో దిగేది జనవరి 14న. క్యాలెండర్ చూసిన టీసీ గారు ఒక్క క్షణం మౌనం వహించారు. ఆ రోజు భోగి. దేశమంతా పాతదాన్ని మంటల్లో వేస్తుంటే హాకీ ఇండియా ఎయిర్‌పోర్టుకెళ్లి తెచ్చుకుంటోంది. ఫోర్‌మన్ గారికి ఈ జోకు నచ్చలేదు. పాతదైనా పనికొచ్చేది మంటలో వేసేవాడు తెలివితక్కువవాడని ఆయన వాదన. నిజానికి ఈసారి నియామకాన్ని తప్పుపట్టడం కష్టమే. ఈ జట్టుతో ఒలింపిక్ సెమీస్ చూసిన కోచ్ ఇంకెవరూ లేరు. తప్పుపట్టాల్సింది ఆయన రాకను కాదు. 2017లో ఏడు నెలలకే ఆయన్ను అక్కడి నుంచి కదిపిన తీరును.  ఆ ఎనిమిది నెలల రాకపోకలకు ఇద్దరు కోచ్‌లు, రెండు జట్లు మూల్యం చెల్లించాయి. ట్వీట్ చేసిన చేతికి మాత్రం నొప్పి కలగలేదు.

జనవరి 19న బెంగళూరులో శిబిరం మొదలు. మరీనే తొలి పరీక్ష ప్రపంచ కప్ క్వాలిఫయర్స్, మార్చి 8 నుంచి 14 వరకు. వేదిక హైదరాబాద్. అక్కడ నెగ్గుకొస్తే ఆగస్టులో బెల్జియం, నెదర్లాండ్స్ కలిసి నిర్వహించే ప్రపంచ కప్‌కు టికెట్. కోచ్‌గారు సెలవు పెట్టకుండానే సొంతూరు చూసి రావచ్చు. ఓడిపోతే ఏం జరుగుతుందో పాఠకులు ఈపాటికి ఊహించే ఉంటారు. హరేంద్ర సింగ్ గారు ఫోన్ స్విచాఫ్ చేసుకోకుండా ఉంటే మంచిది.

దువ్వాడ అభిమానులకు ఒక మనవి. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం పూట దువ్వాడలో ఆగుతుంది, తెల్లారేసరికి హైదరాబాద్‌లో దింపుతుంది. కోచ్‌ను పొగడాలనుకున్నా, ఏకిపారేయాలనుకున్నా ఈసారి మ్యాచ్ చూశాకే ఆ పని చేయండి. మార్చి మొదటి వారానికి బెర్తులు దొరకవు, టికెట్ ఇప్పుడే తీసుకోండి.